పైసలున్నోళ్ల సూది

ఆటలమ్మకు టీకా ఉందని మీలో ఎంతమందికి తెలుసు? ఈ ఎండాకాలం మా కొల్లాపూర్‌లో ఎదురుపడిన ఆడవాళ్లను చాలామందిని ఈ ప్రశ్నే అడిగాను. బ్యాంకులో పనిచేసే ఒకావిడ, "మా పిల్లలిద్దరికీ వేయించాం కదండీ, కార్డులో రాసి ఉంది" అంది. కిరాణా దుకాణం నడిపే ఇల్లాలు, "డాక్టరు చెప్పిండు గానీ, అన్ని పైసలు పెట్టాల్నా అని ఊకున్నం" అంది. మామిడితోటలో కాయ ఏరడానికి వచ్చిన ఒక తల్లి మాత్రం నవ్వి, "అమ్మోరు రాకుంట సూదా? గది పైసలున్నోళ్ల సూది గావచ్చు అక్కా" అంది.

ఆమె నన్ను వెక్కిరించలేదు. దేవత మీది భయంతోనూ ఆ మాట అనలేదు. ఉన్నమాట అంది, అంతే. మన దేశంలో ఆటలమ్మ టీకా నిజంగానే పైసలున్నోళ్ల సూది.

బుధవారం, శనివారం సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎమ్ వేసే టీకాలు ఏవో చంటిపిల్లల తల్లులకు కంఠతా వచ్చు. పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. తర్వాత అయిదు జబ్బులకు కలిపి ఒకటిగా ఇచ్చే పెంటావాలెంట్, నీళ్ల విరేచనాలకు రోటావైరస్ చుక్కలు, న్యుమోనియా టీకా, తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా. ఇవన్నీ సర్కారు ఉచితంగా వేస్తుంది. ఆటలమ్మ టీకా ఈ వరుసలో లేదు. పిల్లల డాక్టర్ల సంఘం మాత్రం 15 నెలల వయసులో ఒకటి, కొన్ని నెలల ఎడంతో ఇంకొకటి, మొత్తం రెండు డోసులు వేయించమంటుంది. వేయించాలంటే ప్రైవేటు ఆస్పత్రికే పోవాలి. కంపెనీని బట్టి ఒక్కో డోసు రెండు వేల రూపాయలకు అటూ ఇటూ. 2025లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఒక్క బిడ్డకు రెండు సూదులంటే పదమూడు రోజుల కూలి! ఇద్దరు బిడ్డలుంటే నెల సంపాదన. దానిమీద బస్సు చార్జీలు, పని మానుకున్న రోజు, డాక్టరు ఫీజు వేరే.

ఎంతమంది పిల్లలకు ఈ టీకా పడింది? పల్లెల్లో ఎంతమందికి, పట్నంలో ఎంతమందికి? చదువుకున్న తల్లుల పిల్లల్లో ఎందరికి, చదువుకోని తల్లుల పిల్లల్లో ఎందరికి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని మన సర్కారు 1992-93 నుంచి చేయిస్తున్నది. ఆ పట్టికలు చూస్తే ముచ్చటేస్తుంది. ప్రతి టీకాకూ ఊరు, పట్నం, ఆడపిల్ల, మగపిల్లాడు, తల్లి చదువు, కులం, మతం, ఇంటి ఆస్తి అంటూ గళ్లు గళ్లుగా విడదీసి లెక్క చెబుతారు. కానీ ఆటలమ్మకు అందులో గడి లేదు. సర్కారు ఇవ్వని టీకాను సర్కారు లెక్కపెట్టదు. లెక్కలో లేనిదాన్ని గురించి అసెంబ్లీలో ఎవరూ అడగరు, పేపర్లో రాయరు.

ఉచిత టీకాల లెక్క మాత్రం తప్పక చూడాలి. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లల్లో నూటికి 79 మందికి ఆ వయసుకు పడాల్సిన ముఖ్యమైన టీకాలన్నీ పడ్డాయి. అంతకుముందు 2015-16లో ఈ సంఖ్య 70 లోపే ఉండేది. ఇంకో విశేషం కూడా ఉంది. దేశం మొత్తం మీద చూస్తే పల్లె పిల్లలు పట్నం పిల్లలను దాటిపోయారు. పల్లెల్లో నూటికి దాదాపు 77, పట్నాల్లో 75 పైచిలుకు. తేడా చిన్నదే అయినా, పల్లె ముందుకు వచ్చిందన్నది చిన్న సంగతి కాదు. పిల్లల్లో నూటికి 94 మందికి పైగా ఈ టీకాలు వేయించుకున్నది సర్కారు దవాఖానాల్లోనే.

చదువురాని తల్లికి టీకా విలువ తెలియదనీ, మూఢనమ్మకాలవల్లే పిల్లలకు వేయించరనీ మనలో చదువుకున్నవాళ్లం తేలిగ్గా అనేస్తుంటాం. ఈ లెక్కల ముందు ఆ మాట ఎలా నిలబడుతుంది? ఇంటి దగ్గరికి వచ్చి, ఉచితంగా ఇస్తే, ఆశా కార్యకర్త పిలిస్తే, కూలికి పోయే తల్లి కూడా ఒక పూట పని మానుకుని బిడ్డను ఎత్తుకొస్తుంది. నల్లమలలో అప్పాపూర్ వంటి చెంచు పెంటలకు కూడా టీకా డబ్బా పట్టుకుని వెళ్లే సిబ్బంది ఉన్నారు. ఆ డబ్బాలో ఆటలమ్మ టీకా ఉండదు, అంతే తేడా.

నమ్మకాల మాట వచ్చింది కనుక చెప్తాను. మా వైపు ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండలు కడతారు. తాలింపు పెట్టరు. పరాయివాళ్లను లోపలికి రానివ్వరు. సల్ల అన్నం పెట్టి, పోచమ్మకు మొక్కి, బొబ్బలు మాడాక వేపాకు, పసుపు వేసిన నీళ్లతో తానం చేయిస్తారు. ఇందులో వెక్కిరించాల్సింది ఏముంది? రోగిని విడిగా ఉంచడం, శుభ్రమైన పడక, చలువ తిండి... డాక్టర్లు కూడా ఇంచుమించు ఇదే చెబుతారు. బొబ్బలన్నీ పక్కుకట్టేదాకా అంటుకుంటుంది కనుక అప్పటిదాకా బయటికి పంపకపోవడం మంచిదే. చిక్కు ఎక్కడంటే, "అమ్మోరు పోస్తే మందు ముట్టొద్దు" అన్న దగ్గర. పిల్లలకైతే చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది. పెద్దవాళ్లకు అలా కాదు. ఆయాసం, విడవని జ్వరం కనిపిస్తే అది న్యుమోనియా కావచ్చు. దద్దు కనిపించిన మొదటి రోజే డాక్టరు దగ్గరికి పోతే తీవ్రత తగ్గించే మందు ఉంది. ఇంకోమాట, ఆటలమ్మ జ్వరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. మెదడుకు, కాలేయానికి చేటు చేసే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

అమ్మోరికీ టీకాకూ మధ్య పాత చుట్టరికమే ఉంది. పెద్దమ్మవారు, అంటే మశూచి, మన దేశంలో చివరిసారిగా కనబడింది 1975 మేలో. 1977లో దేశం, 1980లో ప్రపంచం మశూచి నుంచి బయటపడ్డట్టు ప్రకటించారు. ఆ చివరి రోజుల్లో మశూచి కేసు చూపించినవారికి వెయ్యి రూపాయల బహుమానం అని గోడల మీద రాయించారు. తీరా వెళ్లి చూస్తే చాలాచోట్ల ఆటలమ్మే! ఒళ్లంతా పొట్ట మీద, వీపు మీద ఎక్కువుంటే ఆటలమ్మ, ముఖం మీద, కాళ్లూ చేతుల మీద ఎక్కువుంటే మశూచి అని సిబ్బందికి నేర్పించి పంపేవాళ్లు. మన అత్తల, అమ్మల చేతుల మీద గుండ్రటి టీకా మచ్చలు చూసే ఉంటారు. దొరసానికీ, దొర ఇంట్లో అంట్లు తోమినామెకూ అదే మచ్చ. టీకాలు వేసే మనిషి ఇంటింటికీ తిరిగాడే తప్ప, ఎవరి ముల్లె ఎంత బరువుందని చూడలేదు. పోచమ్మను కొలిచిన ఊళ్లే ఆ టీకా వేయించుకున్నాయి, ఇప్పటికీ బోనం ఎత్తుతున్నాయి.

"అయినా ఆటలమ్మ ఏమంత పెద్ద జబ్బు? మనందరికీ రాలేదా, తగ్గలేదా?" అని మీరు అడగొచ్చు. చిన్నప్పుడు వస్తే నిజమే. కానీ మన వంటి వేడి దేశాల్లో ఈ జబ్బు అందరికీ చిన్నప్పుడే రాదు. చలి దేశాల్లో బడి ఈడు దాటేలోగా దాదాపు అందరికీ వచ్చిపోతుంది. ఇక్కడ చాలామంది పెద్దయ్యేదాకా తప్పించుకుంటారు. పశ్చిమ బెంగాల్‌లో చేసిన ఒక పరిశోధన 1998లో అచ్చయింది. పట్నంలో పెరిగిన యువతలో ఎక్కువమందికి ఆటలమ్మ రక్షణ అప్పటికే ఉంది. పల్లెల్లో పెరిగినవాళ్లలో చాలామందికి లేదు. కారణం సులువే. విడివిడిగా ఉండే చిన్న పల్లెలో వైరస్ తగలకుండానే బాల్యం గడిచిపోతుంది. ఇరుకు గల్లీల్లో అలా కుదరదు.

దీన్ని మన పాలమూరుకు పెట్టి చూడండి. మన పల్లెల్లో పిల్ల పదేళ్లు వచ్చేదాకా ఆటలమ్మ తగలకుండా పెరుగుతుంది. ఆ తర్వాత? గురుకులానికో, కస్తూర్బా బడికో పోతుంది. ఒక్క హాల్లో పక్కపక్కన పడకలు, ఒకే నల్లా, ఒకే పళ్లాల వరుస. ఒక పిల్లకు వస్తే, దద్దు బయటపడకముందే, ఒకటి రెండు రోజుల ముందునుంచే పక్కవాళ్లకు అంటించడం మొదలవుతుంది. రెండు మూడు వారాల్లో ఇంకో వరుస పడుతుంది. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా దీని కాలం. సరిగ్గా పదో తరగతి పరీక్షల కాలం కూడా అదే. గురుకులంలో చదివే పిల్లకు పరీక్షల ముందు రెండు వారాలు పోతే, కోచింగులూ ట్యూషన్లూ ఉన్న పట్నం పిల్లతో ఆమె ఎలా పోటీ పడుతుంది చెప్పండి?

పనికి వలసపోయే వాళ్ల సంగతీ అంతే. పాలమూరు లేబరు పేరు వినని పెద్ద నగరం లేదు కదా. ఊళ్లో తప్పించుకున్న అమ్మోరు రేకుల షెడ్లలో దొరకబట్టుకుంటుంది. ముప్పై ఏళ్ల మనిషికి పోస్తే పని పోతుంది, కూలి పోతుంది. మేస్త్రీ దగ్గర తెచ్చిన అడ్వాన్సు మాత్రం అలాగే ఉంటుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది గర్భిణుల సంగతి. ఆటలమ్మ ఎన్నడూ రాని స్త్రీకి కడుపుతో ఉండగా వస్తే ఆమెకు న్యుమోనియా ప్రమాదం. మొదటి అయిదు నెలల్లో వస్తే నూటికి ఒకరిద్దరు బిడ్డలకు అవయవ లోపాలు రావచ్చు. కాన్పుకు అయిదు రోజుల ముందునుంచి రెండు రోజుల తర్వాత వరకు తల్లికి దద్దు కనిపిస్తే, పుట్టిన బిడ్డకు ప్రాణాపాయమే. తల్లి నుంచి రావాల్సిన రక్షణ ఇంకా బిడ్డకు చేరి ఉండదు. గర్భం వచ్చాక ఈ టీకా వేయకూడదు. ముందే వేసుకోవాలి, వేసుకున్నాక కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. మరి ఇంట్లో పెద్దపిల్లాడికి ఆటలమ్మ పోస్తే పక్కన కూర్చుని వేపమండతో విసిరేదెవరు? ఆరో నెల కడుపుతో ఉన్న తల్లే కదా! "నీకు చిన్నప్పుడు పోసిందా?" అని ఆమెను అడిగే నాథుడుండడు. తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని అదే 2019-21 సర్వే చెప్పింది. గురుకులంలో ఆటలమ్మ తప్పించుకున్న పిల్ల, రెండేళ్లు తిరిగేసరికి తల్లి కాబోతుందన్నమాట.

ఒకసారి వచ్చినవాళ్లకైనా ఇది పూర్తిగా వదిలిపోదు. ఆ వైరస్ నరాల్లో నిద్రపోయి, వయసు మళ్లాక అక్కిగా లేస్తుంది. జాజు పూయించుకుని మంటకు నిద్రపట్టక కూర్చున్న ముసలమ్మలను చూసినవాళ్లకు ఆ బాధ చెప్పనక్కర్లేదు.

ఈ టీకా కనిపెట్టింది జపాన్ డాక్టరు మిచియాకి తకహాషి. 1964లో అమెరికాలో చదువుకుంటుండగా ఆయన మూడేళ్ల కొడుక్కి ఆటలమ్మ తీవ్రంగా పోసింది. భార్యాభర్తలిద్దరూ రాత్రింబవళ్లు మంచం దగ్గరే కూర్చున్నారట. జపాన్ వెళ్లి పదేళ్లు పట్టుబట్టి, 1974లో టీకా సంగతి లోకానికి చెప్పాడు. ఒకా అనే ఇంటిపేరుగల పిల్లవాడి బొబ్బలోంచి తీసిన వైరస్ కనుక ఈనాటికీ దాన్ని ఒకా రకం అంటారు. అయితే జపాన్‌లోనే 2014 అక్టోబరు దాకా ఇది సర్కారు తప్పనిసరి పట్టికలో లేదు. తల్లిదండ్రులు సొంత డబ్బుతో వేయించుకునేవారు, వేయించనివాళ్ల పిల్లలకు ఏటా వస్తూనే ఉండేది. సర్కారు చేతికి వచ్చాకే కేసులు బాగా పడిపోయాయి.

అమెరికా 1995లో మొదలుపెట్టింది. అంతకు ముందే, 1994లో, డబ్బులేని పిల్లలకు అన్ని టీకాలూ ఉచితంగా ఇచ్చే పథకం పెట్టింది. అందుకని పేదపిల్లలకూ ఇది అందింది. ఏడాదికి 40 లక్షలమందికి వచ్చే జబ్బు పాతికేళ్లలో దాదాపు కనుమరుగైంది. అక్కడ కూడా ఇన్సూరెన్సు లేని ఇళ్ల పిల్లలే వెనకబడి ఉంటారట. బ్రిటన్ చాలాకాలం వద్దంటూ వచ్చి, 2026 జనవరి నుంచి పిల్లలందరికీ ఇస్తామని 2025 ఆగస్టులో ప్రకటించింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దీన్ని కొంచెం నిదానంగా చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఒక హెచ్చరిక చేసింది. ఈ టీకా పెడితే నూటికి 80 మందికి తగ్గకుండా, ఏళ్ల తరబడి వేయగలగాలి. సగంమందికి వేసి ఊరుకుంటే జబ్బు పోదు, తిరగడం తగ్గుతుంది, అంతే. అప్పుడు టీకా పడని పిల్లలు చిన్నప్పుడు తప్పించుకుని పెద్దయ్యాక దొరుకుతారు. అంటే ఉన్నవాళ్ల పిల్లలకు మాత్రమే టీకా పెరుగుతూ పోతే, లేనివాళ్ల పిల్లలకు అది మేలు చేయకపోగా జబ్బును వాళ్ల పెళ్లీడుకు, కాన్పు మంచానికి జరుపుతుంది. ఇప్పుడు మన దగ్గర అంతదూరం రాలేదు కావచ్చు. కానీ ప్రైవేటు ఆస్పత్రుల్లో ఈ టీకా వేయించుకునే ఇళ్లు పట్నాల్లో పెరుగుతున్నాయని కళ్లకు కనిపిస్తూనే ఉంది. బ్యాంకు ఆవిడ తప్పు చేసిందని నేననను. ఆమె తన బిడ్డలకు మంచే చేసింది. సర్కారు నిర్ణయం తీసుకోకుండా దుకాణానికి వదిలేయడమే నాకు అభ్యంతరం.

సర్కారు తరపు మాట కూడా వినాలి. తట్టు, న్యుమోనియా, విరేచనాలు పిల్లల ప్రాణాలు తీస్తాయి. ఆటలమ్మ అంతగా తీయదు. ఉన్న డబ్బు ముందు వాటికే అంటారు. న్యాయమే. 2017 ఆగస్టులో తెలంగాణలో తట్టు-రుబెల్లా టీకా బడిబడికీ తిరిగి వేశారు. 2021లో న్యుమోనియా టీకా దేశమంతటా ఉచితమైంది. అవి ముందు రావడం సరైనదే. మరి అవి వచ్చాయి కదా, ఇక దీని వంతు ఎప్పుడు?

ధర ఎక్కువ అనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. హెపటైటిస్-బి సంగతి గుర్తుందా? తొంభైలలో అది కూడా పైసలున్నోళ్ల సూదే. విదేశాల నుంచి వచ్చేది, డోసుకు వందల రూపాయలు. 1997లో మన హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తయారుచేసి అమ్మింది. ధర దిగింది. 2002-03లో కొన్నిచోట్ల ప్రయోగంగా, 2011 నాటికి దేశమంతటా సర్కారు పట్టికలోకి వచ్చింది. ఇవాళ కొల్లాపూర్ మండలంలో ఏ తండాలో పుట్టిన బిడ్డకైనా పుట్టిన రోజే అది పడాలి. రోటావైరస్ టీకాదీ ఇదే దారి. అదీ హైదరాబాద్‌లో తయారైందే, 2015లో విడుదలై 2016 నుంచి ఉచిత పట్టికలోకి వచ్చింది. సర్కారు కోట్ల డోసులు కొంటానంటే ధర ఎలా దిగుతుందో మన రాజధానికి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదు.

అందరికీ ఇచ్చేలోపు చేయగలిగినవీ ఉన్నాయి. గురుకులాల్లో, హాస్టళ్లలో చేరే పిల్లలకు ముందు ఇవ్వొచ్చు. అక్కడ పిల్లలు లెక్కలో ఉన్నారు, రిజిస్టరు ఉంది, నర్సు ఉంటుంది, నూటికి 80 ఏం ఖర్మ, నూటికి నూరూ అందుకోవచ్చు. పదమూడేళ్లు దాటిన పిల్లకు నెల, నెలన్నర ఎడంతో రెండు డోసులు సరిపోతాయి. ఒక పిల్లకు బయటపడగానే మూడు నుంచి అయిదు రోజుల్లోపు మిగతావాళ్లకు వేసినా చాలావరకు ఆపొచ్చు, వచ్చినా తేలిగ్గా పోతుంది. ఆస్పత్రుల్లో పనిచేసే నర్సులకు, ఆయాలకు, ఆశాలకు కూడా ఇవ్వాలి. వాళ్లలో పెళ్లయి పిల్లల్ని కనాల్సిన వయసువాళ్లే ఎక్కువ. 2022లో నాగర్‌కర్నూల్‌లో మెడికల్ కాలేజీ తెరిచారు కదా. ఈ జిల్లాలో ఏ వయసువాళ్లకు ఎంతమందికి రక్షణ ఉందో రక్తపరీక్షలతో తేల్చడం వాళ్లకు కష్టమైన పని కాదు. పల్లె, పట్నం, చెంచు పెంట, వలస కుటుంబం అని విడదీసి తేల్చితే ఆ సర్వేలో లేని గడి మన జిల్లాకైనా నిండుతుంది.

ఇక మన చేతిలో ఉన్నది. పెళ్లీడు ఆడపిల్లలున్న ఇళ్లలో "దీనికి ఆటలమ్మ పోసిందా?" అని నానమ్మనో అమ్మమ్మనో అడిగి పెట్టుకోండి. పోయలేదంటే, నాలుగు వేలు పెట్టగలిగే ఇల్లయితే కట్నం మీద, కల్యాణ మండపం మీద పెట్టే ఖర్చులోంచి అది తీయండి. ఇంకోటి, కొందరు ఇళ్లలో కొడుక్కి వేయించి, "పాపకు తర్వాత చూద్దాం" అనడం నేను విన్నాను. ఉచిత టీకాల్లో లేని ఈ తేడా డబ్బు పెట్టాల్సి వచ్చేసరికి ఎక్కడి నుంచి వస్తుందో! గర్భం దాల్చి, వీధిలో ఆటలమ్మ ఉందని తెలిస్తే, పెద్ద బిడ్డను చూసుకునే పని అప్పటికే ఆటలమ్మ పోసి తగ్గిన భర్తకో అత్తకో అప్పగించండి. ఒకసారి పోసినవాళ్లకు మళ్లీ రావడం చాలా అరుదు. మగవాడు వేపమండ పట్టుకుంటే అమ్మోరు ఏమీ అనదు.

జూన్‌లో గురుకులాలు తెరుస్తారు. పిల్లను చేర్చుకునేటప్పుడు బరువు, ఎత్తు, రక్తం గ్రూపు రాసుకునే కాగితం మీదే ఆటలమ్మ పోసిందా లేదా, టీకా పడిందా లేదా అని ఇంకో వరుస రాయించమని ప్రిన్సిపాల్‌ను అడగండి. ఫిబ్రవరిలో మొదటి పిల్లకు దద్దు కనిపించిన రోజు, ఎవరిని పక్కకు తీయాలో, ఎవరిని దగ్గర ఉంచితే ఫరవాలేదో ఆ కాగితం చూసి వార్డెన్ చెప్పగలుగుతుంది.